సగం మగ్గం

మొన్న మనవడు తాను రాసిన ప్రోగ్రాం ఎట్లా ఉందో చూడమని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు, ఇవాళ ఎన్ని గంటలు నడిచారని అడిగాయి. నడిచింది అరగంటే కాబట్టి సున్నా, చుక్క, అయిదు కొట్టాను. అది చుక్క దగ్గరే ఆగి, సున్నా అని తీసుకుని, చప్పుడు చేయకుండా తరువాతి ప్రశ్నకు పోయింది. "పూర్తి అంకెలే తీసుకుంటది తాతా, అట్లనే రాసిన," అన్నాడు వాడు. నేను కోప్పడలేదు. ఆ పని నేను వాడికంటే చాలా ముందే చేసి ఉన్నాను.

అరవయ్యో దశకంలో, పాలిటెక్నిక్ చదువు ముగిసిన కొత్తలో, నల్లగొండ జిల్లాలో మగ్గాల లెక్క రాసే పని దొరికింది. మగ్గానికింత అని నూలు ఇవ్వడానికి ఆ లెక్క. ఫారంలో వరుసగా గళ్లు: పేరు, వయసు, నేసే గుడ్డ, సొంత మగ్గాలు. మగ్గాల గడిలో ఒక్క అంకె పడుతుంది. భిన్నం వస్తే వదిలేయాలని కింద నియమం. ఇంటింటా గుంటమగ్గాల మీదికి వంగి వంగి నడుము పడిపోయినా, తప్పుందని నా ఫారం ఒక్కటీ తిరిగి రాలేదని కొంచెం గర్వంగానే ఉండేది.

కట్టంగూర్ దగ్గరి ఒక ఊళ్లో, భర్త పోయిన ఒక నేతామె, ఆమె మరిది ఒకే ఇంట్లో వేరు కుంపట్లు పెట్టుకుని ఉన్నారు. మగ్గం ఒక్కటే. ఒక పడుగు ఆమె నేసి దించితే, మరుసటి పడుగు అతనిది.

"నీకెన్ని మగ్గాలమ్మా?" అన్నాను.

"సగం."

"నడిమికి కోస్తిరా?"

"కోస్తే పేక నడిపే నాడె నా దిక్కే ఉంచుకుందును," అంది.

మరిది నవ్వాడు. "వదినె నేసినన్ని దినాలు నేను ఊరు తిరుగుత సారూ. గా ముచ్చట గూడ రాసుకో."

ఆమె పేరు ఎదుట సున్నా వేశాను. అతని సగానికీ అదే నియమం కాబట్టి అక్కడా సున్నానే. పక్కనే పడుగు ఎక్కించిన మగ్గం ఉంది. ఫారంలో మాత్రం తప్పు లేదు.

నాలుగు నెలలకు ఇంకో పనిమీద ఆ ఊరు పోతే, నూలు జాబితాలో ఇద్దరి పేర్లూ లేవని తెలిసింది. మరిది మట్టిపనికి పోతున్నాడు. ఆమె వేరొకరింట్లో కూలికి కండెలు చుడుతోంది. నన్ను చూసి పని ఆపలేదు.

"సారూ, గా దినం మా ఇంట్ల మగ్గం చూసినవా లేదా?"

"చూసిన."

"మరి రాయకపోతివి."

జాబితా సరిచేయమని అర్జీ పెట్టాను. గడువు దాటిందని జవాబు వచ్చింది. మగ్గం గుంటను మట్టితో పూడ్చారని తరువాత విన్నాను.

ఇద్దరిలో ఒకరి పేరుమీద ఒకటి వేసి, వచ్చిన నూలు పంచుకోండని చెప్తే అయిపోయేది. ఆ మాత్రం ఆలోచించే తీరిక ఆనాడు లేదు. పొద్దుగూకేలోగా ఇంకా పన్నెండిళ్లు చూడాలి. ఇన్నేళ్ల తరువాత ఆ పన్నెండిళ్లలో ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.