అంట టీచరు

రెండో తరగతి టీచరుకి ఆ బడిలో ఇంకో పేరుంది: అంట టీచరు. ఆమె ముందర ఎవరూ అనరు, వెనకాల అనని వాళ్ళూ లేరు. పేరు ఊరికే రాలేదు. రోజూ మొదటి గంటలో పిల్లల్ని జంటలుగా ఎదురెదురు కూర్చోబెట్టి ఒక ప్రశ్న ఇస్తుంది. "చీమకి జలుబు చేస్తే ఏమవుతుంది?" లాంటిది. చప్పట్లు కొట్టగానే ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి. మళ్ళీ చప్పట్లకి తారుమారు. తర్వాత లేచి నిలబడి సొంత మాట చెప్పకూడదు. జంట అన్నదే చెప్పి, చివర 'అంట' తగిలించాలి. "చీమకి చక్కెర వాసన తెలీదంట టీచర్!" విననివాడికి అంట లేదు, అంతే.

ముప్పై ఆరుమంది ఒక్కసారి మాట్లాడితే ఇంకేముంది! పక్క గది లెక్కల మాస్టారు తలుపు దగ్గరికొచ్చి, "అమ్మా, ఇది బడా, సంతా?" అనేవాడు. "సంతేనండీ, బేరాలు బాగున్నాయి, రండి" అనేది ఆమె. నోరు అలాంటిది. అంత నోరూ ఒక్క పిల్ల దగ్గర పనిచేయలేదు.

మూడో బల్ల పిల్ల బడిలో చేరి ఎనిమిది నెలలు. రాస్తుంది, బొమ్మలేస్తుంది, పిలిస్తే చూస్తుంది. మాట మాత్రం లేదు. కుట్టుమిషన్లు బాగుచేసే వాళ్ళ నాన్న, "ఇంట్లో ఊపిరి తిప్పుకోనివ్వదండీ, నమ్మండి" అని ఎన్నిసార్లు మొత్తుకున్నా, హెడ్ మాస్టారు అయ్యో పాపం అన్నట్టు తలూపేవాడు. చివరికి ఆయన తేల్చేశాడు.

"శుక్రవారానికి నోరు విప్పకపోతే మాటలు రాని పిల్లల బడికి పంపిద్దాం. కాగితం రాసిపెట్టాను, వాళ్ళ నాన్నొచ్చి సంతకం పెడతాడు."

"మాటలొచ్చిన పిల్లని అక్కడికెందుకండీ?" అని ఆమె మండిపడింది.

"ఆ మాటలు మీరు విన్నారా?"

వినలేదు.

సోమవారమే జంట మార్చింది. తరగతి మొత్తానికీ పెద్ద వసపిట్టని తెచ్చి ఆ పిల్ల ఎదురుగా కూర్చోబెట్టింది. మర్నాటి నుంచీ వసపిట్ట గడగడా అప్పజెప్పసాగింది. "తనకి వానంటే ఇష్టమంట! పెద్దయ్యాక రైలు తోలుతుందంట!" టీచరు పొంగిపోయింది. గురువారం పక్కనే నిలబడి చెవొగ్గితే తెలిసింది, ఆ పిల్ల పెదవే కదపడం లేదు. అంటలన్నీ వసపిట్ట కల్పనలే.

"ఏమే, తను చెప్పలేదుగా?"

"కాదని కూడా అనలేదుగా టీచర్!"

మౌనం అర్ధాంగీకారమని ఈ ఏడేళ్ళ గడుగ్గాయికి ఎవరు నేర్పారో! టీచరుకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. జంట మార్చేద్దామనుకుంటూ మూడో బల్ల పిల్ల వైపు చూసి ఆగిపోయింది. ఆ పిల్ల చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఓహో, కోపమొస్తోందన్నమాట. మార్చలేదు.

శుక్రవారం ప్రశ్న, "మీ ఇంట్లో ఎవరికి ఏ పని బాగా వచ్చు?" జంటలు మాట్లాడుకుంటుండగానే హెడ్ మాస్టారు కాగితంతో తలుపు దగ్గరికొచ్చాడు. ఆయన వెనకే ఆ పిల్ల నాన్న. పిల్ల వీపు అటువైపు ఉంది, చూడలేదు. వసపిట్ట లేచింది.

"వాళ్ళ నాన్నకి మిషన్లు విప్పడమే వచ్చంట, బిగించడం రాదంట!"

"నేను అనలేదు!"

తరగతంతా అటు తిరిగింది. మూడో బల్ల పిల్ల లేచి నిలబడి ఉంది. "నేనలా అనలేదు! మా నాన్న విప్పుతాడు, బిగిస్తాడు, నూనె కూడా వేస్తాడు. రైలు తోలతానని కూడా అనలేదు, నాకు రైలంటే భయం! వానంటే ఇష్టమని ఎవరు చెప్పారు నీకు?"

వసపిట్ట ఏమాత్రం తొణకలేదు. టీచరు వైపు తిరిగి, "తను అనలేదంట టీచర్!" అని అప్పజెప్పింది. వారం మొత్తంలో అదొక్కటే నిజమైన అంట. పిల్లలంతా గొల్లుమన్నారు. టీచరు కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంది, సిగ్గుపడలేదు.

మూడో బల్ల పిల్ల మాత్రం ఆగలేదు, ఇంకా దులిపేస్తూనే ఉంది. తలుపు దగ్గర హెడ్ మాస్టారు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. గొంతు సవరించుకుని, "ఇన్నాళ్ళూ మీ మాట నమ్మలేదు, నాదే..." అనబోయాడు.

నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"తర్వాత చెబుదురుగాని సార్. ముందు విననివ్వండి."