ఐలయ్య సెట్ నొక్కిన సాయంత్రం

ముందు ఐలయ్య గొంతు గురించి చెప్పాలి. గచ్చిబౌలిలో మా క్యాంపస్ పార్కింగులో నిలబడి అతను "హలో" అన్నాడంటే మాదాపూర్ పావురాలన్నీ లేచి మూసాపేటలో వాలేవి. నమ్మకపోతే పావురాలనే అడగండి. డిగ్రీ రెండో ఏట నన్ను తట్టుకోలేక కాలేజీయే నన్ను మానుకుంది గానీ, అబద్ధమాడటం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

ఐలయ్య మా ఆఫీసు బస్సుల సూపర్‌వైజరు. కొండాపూర్ పక్కన పుట్టాడు. అతని తండ్రి జొన్నలు పండించిన చోట ఇప్పుడు అద్దాల మేడలు పండుతున్నాయి. క్లీనరుగా చేరి, డ్రైవరై, ఆ కుర్చీ దాకా ఎక్కాడు. మనిషి బంగారం. మా ఇళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా దవాఖానకు మాకంటే ముందు అతనే చేరేవాడు. ఒక్కటే జబ్బు. తప్పు జరిగితే అది ఎప్పుడూ ఇంకొకరిదే. వానది, ట్రాఫిక్‌ది, టైరుది, అవేవీ దొరక్కపోతే మా డ్రైవర్లలో ఒకడిది. ఆ తిట్లు కూడా వాకీటాకీలోనే తిట్టేవాడు. దాన్ని మేం సెట్ అంటాం. సెట్‌లో ఒకణ్ణి తిడితే అన్ని బస్సుల్లోనూ మోగుతుంది, వెనక సీట్లలో ఐడీ కార్డుల సాఫ్ట్‌వేర్ పిల్లలు వింటారు, మేనేజరు భార్గవి మేడం టేబుల్ మీదున్న సెట్ కూడా వింటుంది.

ఈ వానాకాలంలో ఒక పొద్దున ఈశ్వరయ్య బస్సు మూసాపేట నుంచి బాగా ఆలస్యంగా వచ్చింది. ఈశ్వరయ్య మా అందరిలో పెద్ద. పైపుల కోసం దారి తవ్వేస్తే, తెలియక వెళ్లి అందులో ఇరుక్కున్నాడు. బస్సులో ఉన్న వాళ్లకు మీటింగు అందలేదు.

"ఏంది పెద్దన్నా, కండ్లు కనవడ్తలేవా? తొవ్వ బందైతే సూస్కోవా? ముసలోనివైనవ్, ఇంట్ల కూసో!" అని సెట్ అదిరింది. భార్గవి మేడం ఫోన్ చేసి అడిగినా "డ్రైవర్‌దే తప్పు మేడం" అన్నాడు ఐలయ్య.

ఈశ్వరయ్య బస్సు ఆపి, తాళంచెవి ఐలయ్య టేబుల్ మీద పెట్టి, బయట చాయ్ బండి దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం కల్లా మా అందరి తాళాలూ ఆ టేబుల్ మీదే ఉన్నాయి. నా తాళం పడిన చప్పుడుకు మూడో అంతస్తులో లిఫ్ట్ ఆగిపోయిందంటారు.

సాయంత్రానికి ఆకాశానికి చిల్లు పడింది! మామూలు వానా అది? ఒక్కో చినుకు కొబ్బరికాయంత. క్యాబులు రావు, బైకు ట్యాక్సీలు మొహం చాటేశాయి, లాబీ నిండా జనం. ఆరింటికల్లా బస్సులు కదలకపోతే రేపటి నుంచి ఆ కుర్చీలో ఇంకొకరుంటారని భార్గవి మేడం ఐలయ్యకు తేల్చి చెప్పింది.

గొడుగు తిరగబడి, తడిసి ముద్దై, మేం తలదాచుకున్న చాయ్ బండి రేకు కిందికి పరిగెత్తుకొచ్చాడు ఐలయ్య.

"జర లేవుండ్రి తమ్మీ! లోపట జనం పరేషాన్ అయితున్రు!"

"మాకు కండ్లు కనవడ్తలేవన్నా," అన్నాను నేను. "బస్సులు యాడున్నయో చెయ్యి వట్టుకొని తోల్కపోతవా?"

అందరూ పగలబడి నవ్వారు, ఈశ్వరయ్య తప్ప. ఆయన చాయ్ ఊదుకుంటూ మెల్లగా అడిగాడు.

"తొవ్వ బందైందని నీకెప్పుడు తెలిసింది తమ్మీ?"

ఐలయ్య తిరగబడ్డ గొడుగు మడిచి పక్కన పెట్టాడు. నా జన్మలో ఆ గొంతు తగ్గడం అదే మొదలు!

"నిన్న మాపటికే మెసేజ్ వచ్చింది పెద్దన్నా. మీకు చెప్పుడు మర్చిపోయిన. తప్పు నాదే."

"మంచిది. గీడ మా నలుగుర్ల చెప్తే ఏం లాభం? నన్ను తిట్టింది యాడ?"

ఐలయ్య తన నడుముకున్న సెట్ వైపు చూశాడు. దాన్ని నొక్కితే పైన మేడం వింటుంది. పొద్దున తను ఆమెతో చెప్పింది అబద్ధమని తెలుస్తుంది. ఇన్నేళ్లు కష్టపడి ఎక్కిన కుర్చీ ఆ ఒక్క బటన్ కింద ఉంది. నొక్కాడు!

"అందరు ఇనుండ్రి, నేను ఐలయ్యను. మూసాపేట తొవ్వ బందని నాకు నిన్ననే ఎరుక. డ్రైవర్లకు చెప్పలే. తప్పు నాది. పెద్దన్నను తిట్టిన, అదీ నా తప్పే. మేడంకు అబద్ధం చెప్పిన. మేడం, కుర్చీ తీస్తె తీయుండ్రి. గానీ ఇగ నా తప్పు ఇంకొకని నెత్తి మీద ఎయ్య."

గరగర. వాన చప్పుడు. తర్వాత భార్గవి మేడం గొంతు వినిపించింది: "కుర్చీ సంగతి రేపు చూద్దాం ఐలయ్యగారూ. ముందు జనాన్ని ఇళ్లకు చేర్చండి."

ఈశ్వరయ్య గ్లాసు కింద పెట్టాడు. "తాళాలు తే తమ్మీ."

ఇక చూడాలి మా పరుగు! లాబీలో ఈలలు, చప్పట్లు. ముందు బస్సు ఈశ్వరయ్యది, ఐలయ్య అందులోనే ఎక్కాడు, దాని వెనక నాది, నా వెనక మిగతావి. రైలు వంతెన కిందికి వచ్చేసరికి నీళ్లు చెరువైపోయాయి. అందులో చేపలు ఐడీ కార్డులేసుకుని తిరగడం నా కళ్లతో చూశాను. ఐలయ్య ముందు బస్సులోంచి దూకి, ప్యాంటు మడిచి, నీళ్లలో అడుగడుగూ తడుముతూ నడిచాడు. వేరే రోజైతే "పోనీ, పోనీ!" అని మా చెవులకు చిల్లులు పొడిచేవాడు. ఆ వేళ సెట్‌లో మెల్లగా అన్నాడు: "పెద్దన్నా, కుడి దిక్కు గుంత తగుల్తుంది. ఎడమకెళ్లి వస్తవా? బండి నీ చేతుల ఉంది, నువ్వే చెప్పు."

"వస్త. నువ్వు జరుగు."

బస్సు నీళ్లు చీల్చుకుంటూ అవతలి గట్టెక్కింది. వరసగా మేమూ ఎక్కాం. లోపల ఉన్నవాళ్ల కేకలకు మెట్రో రైలే ఉలిక్కిపడి ఉంటుంది.

మర్నాడు పొద్దున భార్గవి మేడం పార్కింగుకే దిగి వచ్చింది.

"నెల రోజులు చూస్తాను ఐలయ్యగారూ. నిన్న సెట్‌లో చెప్పిన మాట నిలబెట్టుకుంటారో లేదో."

"చూడుండ్రి మేడం. నేను మాట తప్పితే మీకు పెద్దన్నే చెప్తడు."

"చెప్తగని ఎట్ల చెప్త?" అన్నాడు ఈశ్వరయ్య, అద్దం తుడుస్తూ. "నిన్నే చాటుకు పిలిచి చెప్త. అందర్ల ఇజ్జత్ తీసుడు నాకు రాదు."

ఐలయ్య తల దించుకున్నాడు, నవ్వాడు కూడా. తర్వాత మమ్మల్నందరినీ దగ్గరికి పిలిచి, ఆ రోజు ఏ దారి ఎక్కడ మూసి ఉందో, నమ్మండి, మామూలు మనిషి గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు.