అక్కర్లేని ఐలీ

అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో ఐలీ నీమీ మంచు కొలిచే మనిషి. చలికాలమంతా రోజూ పొద్దున్నే గడ్డకట్టిన సరస్సు మీద నడిచి వెళ్లి, ఏళ్ల కిందట ఎంచుకున్న ఆ ఒక్క చోటే బెజ్జం తొలిచి, మంచు ఎంత మందం ఉందో చూడడం ఆవిడ పని. ఆవిడ పుట్టకముందు మొదలైన ఆ కొలత ఒక్కరోజూ తప్పలేదు. పెళ్లి రోజున కూడా కొలిచాకే చర్చికి వెళ్లింది. మొగుడు ఆనాడే అర్థం చేసుకుని ఉండాల్సింది. చేసుకోలేదు. విడాకుల కాగితాల్లో మాత్రం మంచు సంగతి వివరంగా రాయించాడు.

కేంద్రానికి డబ్బు రాదని అనకూడదు. ముందువైపు అద్దాల హాలు కట్టారు. అందులో గోడంత తెర మీద మంచు మందం గీత తళతళలాడుతూ ఉంటుంది. ఆ గీతకి అంకెలు తెచ్చే, మంచు తొలిచే బర్మాకి మాత్రం పిడి విరిగి, టేపు చుట్టుకుని ఏళ్లు గడిచాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. హాలు కడితే రిబ్బను కత్తిరించడానికి పెద్దమనుషులు వస్తారు. బర్మా పిడి కోసం ఎవరొస్తారు?

ఆ జనవరిలో వాషింగ్టన్‌లో బడ్జెట్ దగ్గర రెండు పార్టీలూ జుట్లు పట్టుకున్నాయి. ప్రభుత్వ ఆఫీసులకు తాళాలు పడ్డాయి. అత్యవసరమైన వాళ్లే పనిలో ఉండాలన్నారు. గేటు కాపలా గస్ అత్యవసరం. ఐలీ అక్కర్లేదు.

"నేను జీతం అడగట్లేదు కదా," అంది ఐలీ.

"అడక్కపోవడమే తప్పు," అన్నాడు డైరెక్టర్ ప్రెస్కాట్. "ఊరికే పనిచేస్తే చట్టం ఒప్పుకోదు. ఆ బూట్లు కూడా ఇక్కడే విడిచి వెళ్లండి. ప్రభుత్వానివి."

ఆ రాత్రి ఐలీకి నిద్ర పట్టలేదు. జీతం గురించి కాదు. కొలత తన చేతిలో తెగిపోతుందేమోనని.

మర్నాడు పొద్దున్నే సొంత బూట్లతో, గాలంతో, ముక్కాలిపీటతో మంచు మీదికి వచ్చి, కొలిచే చోటు చుట్టూ కేంద్రం హద్దుగా పాతిన నారింజ రంగు కర్రలకు ఇవతల కూర్చుంది. గస్ పరుగెత్తుకొచ్చాడు.

"ఐలీ, ఆ కర్రలు దాటావంటే నిన్ను నేనే పట్టుకోవాలి. బాగోదు."

"ఎవరు దాటుతున్నారు? నేను చేపలు పట్టుకుంటున్నా. నువ్వు కాపలా కాస్తున్నావు. కాపలావాడు అటూ ఇటూ తిరగకూడదని ఉందా?"

"లేదు."

"అయితే తిరుగుతూ తిరుగుతూ షెడ్డులో బర్మా పట్టుకురా."

"నాకు మంచంటే విస్కీలో వేసుకునేదే తెలుసు."

"తెలియక్కర్లేదు. నేను అరుస్తా, నువ్వు విను. అరవడం ఉద్యోగం కాదు, మా పాత మొగుణ్ణి అడుగు."

మొదటిరోజు గస్ తొలిచిన బెజ్జం కుక్క కొరికినట్టు వచ్చింది. ఐలీ కడుపారా తిట్టింది. తర్వాత కజ్జికాయల్లా మాంసం కూరి కాల్చిన పేస్టీలు ఇద్దరికీ సరిపడా తెచ్చి, హద్దు మీదుగా ఒకటి విసిరింది. అలా తిట్టి, పెట్టి, తిట్టి, పెట్టి నేర్పింది. తాళాలు తీసేనాటికి ఆవిడ నోరు తెరవకముందే గస్ సరైన చోట నిలబడుతున్నాడు. ఐలీ మురిసిపోయింది. తన వేలితో తన కన్నే పొడుచుకుంటున్నానని అప్పటికి తట్టలేదు.

తెర మీద గీత తెగలేదు. అద్దాల హాలులో కేకు కోసి గస్‌కి జ్ఞాపిక ఇచ్చారు. "ఇదంతా ఐలీ..." అని అతను మొదలుపెట్టగానే డైరెక్టర్ చప్పట్లు అందుకున్నాడు. ఆనక ఐలీని గదిలోకి పిలిచాడు.

"మీరు లేకపోయినా పని ఆగలేదని పైవాళ్లు గమనించారు. మీ పోస్టు ఎత్తేస్తున్నారు."

"ఆగకుండా చేసింది నేను. రోజూ అక్కడ నిలబడి అరిచాను."

"పని కోసం అరిచానంటే అది ఊరికే చేసిన పని అవుతుంది. విచారణ జరుగుతుంది, పెన్షన్‌కి ముప్పు. మరొకసారి చెప్పండి. అక్కడ ఏం చేస్తున్నారు?"



"చేపలు పట్టుకుంటున్నాను," అంది ఐలీ.

ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. ఆవిడ జీతం మిగిలిన డబ్బుతో హాలులో రెండో తెర పెట్టారు.

మరుసటి చలికాలం మొదటి కొలత రోజున ఐలీ మళ్లీ ముక్కాలిపీట వేసుకుని కర్రలకు ఇవతల కూర్చుంది. గస్ అదే టేపు చుట్టిన బర్మాతో వచ్చాడు.

"గస్, కాస్త ఎడమకి."

"అక్కర్లేదు ఐలీ, నాకు వచ్చు," అన్నాడు తలెత్తకుండా.

ఐలీ తిట్టడానికి ఒక్క తప్పయినా దొరుకుతుందేమోనని మెడ చాచి చూసింది. బెజ్జం సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది.