అవ్వ, కుక్క, నీళ్ల గోలి

ఇది ఒక ఇతిహాసం. ఇందులో మృత్యువుతో పోరాటం ఉంది, కఠోర దీక్ష ఉంది, కొండంత రోగాన్ని కూల్చిన చిటికెడు ఆయుధం ఉంది. ఇంత చెప్పాక దాచడం బాగుండదు: ఇది మా కుక్క గుండెజబ్బు సంగతి. కుక్క కూడా గొప్ప జాతిదేం కాదు. రామన్నపేటలో మా వాకిట్లోకి తనంతట తాను వచ్చి, తొమ్మిదేళ్లుగా తిరిగి వెళ్లడం మరిచిపోయిన రకం.

తొంభైల మొదట్లో, నేను డిగ్రీ చదువుతున్నానని ఇంట్లో అందరూ నమ్మే రోజుల్లో, అది దగ్గడం మొదలుపెట్టింది. తర్వాత పడుకోవడం మానేసింది. ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాపి, కూర్చునే కునుకు తీసేది. ఒరిగితే ఊపిరాడక మళ్లీ లేచేది.

"మీ తాత గూడ గిట్లనే కూసుండి కూసుండి పోయిండురా," అంది అవ్వ. నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆరోజు దాన్ని వదిలేసి, అవ్వతో కలిసి కుక్కను పశువుల దవాఖానకు తీసుకెళ్లాను.

అక్కడి డాక్టర్‌కు బర్రెలే అలవాటు. అయినా దాని డొక్క మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నా చెవులకు తగిలించాడు. ప్రతి దెబ్బ వెనకా తడిగా సర్రుమని ఒక శబ్దం. నెత్తురు వెనక్కి జారుతున్న చప్పుడట. తొమ్మిదేళ్లు నేను నిమిరిన, తిట్టిన ఆ డొక్కలో ఇంత పెద్ద మిషన్ ఆగకుండా నడుస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

"గుండెల తలుపు సరిగ్గ మూస్కుంటలేదవ్వా. ఊపిరితిత్తులల్ల నీరు చేరింది. గోలీలు రాస్త, ఒక్క రోజు గూడ తప్పొద్దు."

"నయమైతదా సారూ?"

"నయం కాదు. ఏసినన్ని దినాలు సుకంగ బతుకుతది."

అది నిద్రపోయినప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టమన్నాడు. ముప్పై దాటితే మళ్లీ నీరు చేరుతున్నట్టు.

మా దగ్గర కుక్కలకు వేరే గుండె మందులు దొరికేవి కావు. మనుషులవే. మందుల దుకాణం చాచా చీటీ చూశాడు. "ఒకటి బీపీది, ఒకటి ఒంట్ల నీరు తీసే నీళ్ల గోలి. ఉమర్ ఎంత?"

"తొమ్మిది."

"యా అల్లా! తొమ్మిదేండ్ల పోరనికి బీపీయా?"

"కుక్క, చాచా."

ఆయన నన్ను ఒకసారి, చీటీని రెండుసార్లు చూశాడు. "నీ మాట నమ్మ. డాక్టర్ సాబ్ రాసిండు గనక నమ్ముతున్న," అని గోలీలు ఇచ్చాడు.

కందిగింజంత ముక్కలు. జొన్నరొట్టెలో పెట్టి అవ్వ తినిపించింది. రెండో రోజు మధ్యాహ్నం మా కుక్క, వారం తర్వాత మొదటిసారి, పక్కకు ఒరిగి, కాళ్లు బారచాపి, నోరు మూసుకుని నిద్రపోయింది. అవ్వ గోలీల అట్టకు దండం పెట్టింది. నవ్వుదామనుకున్నాను. నా చేతులు కూడా సగం లేచి ఉన్నాయి.

లెక్క ఇలా జరిగేది: నేను గడియారం చూస్తాను. కుక్క డొక్క లేచినప్పుడల్లా అవ్వ ఒక చింతగింజ నేలమీద పెడుతుంది. ఇరవై నాలుగు, ఇరవై రెండు, ఇరవై ఆరు. ఆదివారం మాత్రం నలభై. తర్వాతి ఆదివారమూ అంతే. నేను లెక్కలు రాసుకెళ్లిన కాగితాన్ని డాక్టర్ తిప్పి తిప్పి చూశాడు. జబ్బుకు వారాలు ఎలా తెలుస్తాయో ఆయనకూ అంతుపట్టలేదు.

మూడో శనివారం నేను కాలేజీ ఎగ్గొట్టాను. చదువు చేసిన మేలు అదొక్కటే. పొద్దెక్కినా గోలీల అట్ట కదల్లేదు.

"అవ్వా, గోలి ఏస్తలేవా?"

"ఇయ్యాల శనివారం గదరా. ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దు నీకు. దానికెందుకు?"

"నేను తినకుంటె అదెప్పుడన్న ముట్టిందా? ఒక్కపొద్దు నాడు నేనే మందు ముట్టను, దానికి ముట్టిస్తనా? దీని పానం కోసమే ఇంకింత గట్టిగ పడుతున్నరా!"

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. చింతగింజలతో నేలమీద రెండు వరసలు పేర్చాను. శుక్రవారానిది మూరెడు. ఆదివారానిది గడప దాకా పోయింది. అవ్వ పొడుగు వరసను వేలితో తడుముకుంటూ గడప దాకా వెళ్లింది. అక్కడే కూలబడింది.

"అంటే నేనే దాన్ని ముంచుతున్ననారా?"

నేను గోలీల అట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అవ్వ లేచి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఏ శనివారమూ పగలు వెలిగించని పొయ్యి వెలిగించి, ఒక్క రొట్టె కాల్చి, అందులో గోలీలు పెట్టింది. "దేవునికి నా ఒక్కదాని ఉపాసం సాలు," అంది పైకి చూడకుండా. కుక్క రొట్టెను చూసింది, అవ్వను చూసింది, ముట్టలేదు. అవ్వ ఒక తునక తుంచి ముందు తన నోట్లో వేసుకుంది. అప్పుడు అదీ తిన్నది.

మర్నాడు ఇరవై అయిదు గింజలు. నేను రెండోసారి లెక్కపెట్టాను, నమ్మక కాదు, చూడబుద్ధయి. అది ఇంకో ఏడాదిన్నర బతికింది, ఎక్కువ భాగం పక్కకు ఒరిగి పడుకునే.

నీళ్ల గోలి వేసే కుక్కకు దాహం ఎక్కువ. గిన్నెలో నీళ్లు రెండుపూటలా మార్చాలి.