కొట్టేసిన జవాబు

తాడేపల్లిగూడెం కాలేజీలో నాతోపాటు జువాలజీ చెప్పిన పెర్సిస్ మేడమ్‌కి తన నోట్సే బైబిలు. పండ్ల ఈగ పిండంలో గుండె ఏర్పడటానికి, జీన్లను పనిలోకి దించే టిన్‌మాన్ అనే ప్రొటీన్ ఒక్కటే చాలని అందులో ఉండేది.

2004లో యూనిట్ టెస్టులో, భీమడోలు నుంచి రైల్లో వచ్చే ఇందుజ అనే అమ్మాయి, టిన్‌మాన్‌తో పానియర్ అనే ఇంకో ప్రొటీన్ కూడా కలవాలని రాసింది. మేడమ్ ఎర్ర పెన్నుతో కొట్టేసి సున్నా వేశారు.

"ఇంటర్నెట్‌లో చదివానండీ మేడమ్."

"నోట్సులో ఉన్నదే రాయమ్మా."

మూడేళ్ల తర్వాత ఒక సెమినార్‌లో తెర మీద ఇందుజ రాసిన మాటే మేడమ్‌కి కనిపించింది. ఆవిడ నేరుగా స్టాఫ్‌రూమ్‌కొచ్చి, బీరువాలోని పాత పేపర్లు తీశారు. ఆ సున్నా తర్వాత ఇందుజ రాసిన ప్రతి జవాబూ, అక్షరం పొల్లు పోకుండా ఆవిడ నోట్సే.

"ఫుల్ మార్కులన్నీ నేనే వేశానండీ," అన్నారు.