రొయ్యపిల్లల కబురు

మామ పోయారన్న కబురు కంపెనీ బస్సులో ఉండగా తెలిసింది. నెల్లూరు నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మామ లేడు నాయనా" అంది. నా ఒళ్లో మడిచిన వల ఉంది. ఆ రోజు కూడా ఆయనకు "రాలేదు" అనే చెప్పాల్సి ఉంది.

మాకు చుట్టరికమేమీ లేదు. గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్‌ రొయ్యల హేచరీలో ఆయన మా అందరికీ పెద్ద. జగిత్యాల నుంచి వచ్చిన నేను అప్పటిదాకా సముద్రమే చూడలేదు. ఆయనే చెయ్యి పట్టుకుని ఖోర్‌లోకి, అంటే ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి దింపారు. చలి తగ్గే వేళకు అందులో రొయ్యపిల్లలు కనిపిస్తాయి, ఎండలు ముదిరితే మాయమవుతాయి. ఏటా ఆ రాకను కనిపెట్టడం మామ పని. పెళ్లివారి కోసం చూసినట్టు చూసేవారు.

రొయ్యపిల్లను మీరెప్పుడైనా చూశారో లేదో. ఒళ్లంతా నీళ్లలాగే ఉంటుంది, కళ్లు మాత్రం రెండు నల్లచుక్కలు. మామ పొద్దున్నే సన్నవల లాగి, ఆ నీళ్లు గాజు బీకరులో పోసి, ఒక పక్క అరచెయ్యి అడ్డుపెట్టేవారు. పిల్లలుంటే వెలుతురు వైపు చేరతాయి. చూశాక గట్టు మీంచి పారబోయనిచ్చేవారు కాదు. ముదీర్, అంటే మా మేనేజరు, "యల్లా, యల్లా" అని తొందరపెట్టినా మోకాళ్ల లోతుకు దిగి వంచాల్సిందే. మెస్‌లో రొయ్యల కూర వండితే పప్పు అడిగేవారు. "పొద్దున పలకరించినోళ్లని మధ్యాన్నం ఎట్టా తినేది అబ్బయా?"

గత చలికాలం కిడ్నీలు చెడి ఊరెళ్లారు. ఈసారి రాకను నన్ను చూడమన్నారు. రోజూ ఫోన్. "వచ్చినాయా అబ్బయా?" రానురాను ఆ గొంతు పీలగా అయిపోయింది. వచ్చాయని చెప్పేయమన్నారు రూమ్‌లోవాళ్లు. నావల్ల కాలేదు. "ఖాళీ వల గూడా కబురే, ఉన్నది ఉన్నట్టు చెప్పాల" అని నేర్పింది ఆయనే.

"ఇంకా రాలే మామా" అంటే, "ఈ ఏడు చలి పోలా, తొందరపడబాక" అని నన్నే ఓదార్చేవారు. ఆయన ఉండగా ఒక్కసారి "వచ్చినయ్" అనాలని ఎంత ఆశపడ్డానో.

ఆయన పోయాక, గాలి కాస్త వెచ్చబడిన ఒక పొద్దున వచ్చాయి. అరచెయ్యి అడ్డుపెట్టగానే అవతలి వైపు నల్లచుక్కలు కమ్ముకున్నాయి. అలవాటుగా మామ నంబరే నొక్కాను. అత్త ఎత్తింది.

"వచ్చినయ్ అత్తా."

"నాకెందుకు నాయనా, ఫోను ఆయన మంచం మీద పెడతా ఉండా. ఆయనకే చెప్పు."

చెప్పాను. తర్వాత మోకాళ్ల లోతుకు దిగి బీకరు వంచాను. అవతల ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. నీళ్లలో నల్లచుక్కలు ఎండ వైపు వెళ్లిపోతున్నాయి.