నిలబెట్టిన మంచం

మా అబ్రహామన్నకు విరిగిన కుర్చీ ఇస్తే గంటలో బాగుచేస్తాడు. ఒక ప్రశ్న ఇస్తే మాత్రం రెండు వారాలు దాన్ని పట్టుకుని తిరుగుతాడు. పన్నెండేళ్లుగా ఆయన పక్కన పనిచేస్తున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

నంద్యాలలో మా చర్చి పెద్దలు నలుగురు కలిసి ఒక పాత పత్తి గోదాము తీసుకుని ఈ పని మొదలుపెట్టారు. ఉన్నవాళ్లు వద్దనుకున్న మంచాలు, కుర్చీలు, బీరువాలు తెచ్చి, బాగుచేసి, లేనివాళ్లకు ఇస్తాం. ఫోన్లు ఎత్తడం, ఎవరికి ఏం కావాలో రాసుకోవడం నా వంతు. మిగతాదంతా అబ్రహామన్నదే. వడ్రంగం వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు. ట్రాలీ ఆటో తోలేదీ ఆయనే. వయసు అరవైకి దగ్గర పడింది, నడుం నొప్పి కూడా ఉంది. ఆ సంగతి మనం గుర్తుచేస్తే కోపం వస్తుంది.

మంచాల సంగతి చెప్పాలి. మా వైపు చాలా ఇళ్లలో మనిషి పోయిన మంచాన్ని ఉంచుకోరు. దినాలు కాగానే కడిగి బయట పెట్టి మాకు ఫోన్ చేస్తారు. మాకొచ్చే పది మంచాల్లో తొమ్మిది అలాంటివే. అబ్రహామన్న వాటికి నవారు మార్చి, మంచం కోళ్లకు రంగు వేసి, ఎవరిదో చెప్పకుండా దించి వస్తాడు. తీసుకునేవాళ్లు అడగరు, ఆయన చెప్పడు.

"చెప్తే ఎవురు తీసుకుంటారు పాపా? యేసయ్య దయ, మనకు ఇట్లాంటి పట్టింపుల్లేవు. వాళ్లకుంటాయి కదా" అనేవాడు. నాకూ అది సబబుగానే తోచేది.

పోయిన వానాకాలం ఆళ్లగడ్డ నుంచి జయలక్ష్మి అనే ఆమె ఫోన్ చేసింది. వాళ్ల మామ మద్దయ్య పోయాడు, దినాలు కూడా అయిపోయాయి. అత్తను నిద్రకు చాగలమర్రిలో ఆమె తమ్ముడింటికి తీసుకుపోతున్నారు. మనిషి పోయిన ఇంటివాళ్లు చుట్టాలింట్లో ఒక రాత్రి పడుకుని రావాలి కదా, అదన్నమాట. "మంచం బయటనే ఉండాది. మేం లేకున్నా ఎత్తుకపోండి" అంది.

అదే పూట ఈశ్వర్ ఫోన్ చేశాడు. ఆళ్లగడ్డ అవతల, నల్లమల అంచున ఉన్న చెంచు గూడెం వాళ్లది. భార్య భ్రమరాంబికకు ఆపరేషన్ చేసి ఆడబిడ్డను తీశారు. ఇంట్లో మంచం లేదు. కింద పడుకుంటే ఆమె లేవలేకపోతోంది, అట్లనే లేస్తే కుట్లు పిగులుతాయని ఆసుపత్రి నర్సు భయపెట్టింది. ఆ వారం మా గోదాములో ఒక్క మంచం కూడా లేదు.

అబ్రహామన్న ఆళ్లగడ్డ వెళ్లాడు. ఇంటికి తాళం వేసి ఉంది. వసారాలో గోడకు నిలబెట్టిన నవారు మంచం కనిపించింది. నిలబెట్టిన మంచం ఇచ్చేసే మంచం అని ఆయన అనుభవం. నవారు బిగువుగానే ఉంది, అవతల బాలింత కింద పడుకుని ఉంది, ఇక గోదాము దాకా తేవడం ఎందుకని నేరుగా గూడెంలో దించి వచ్చాడు.

మూడో రోజు జయలక్ష్మి మళ్లీ ఫోన్ చేసింది. "ఏందమ్మా మీరు చేసిన పని? బతికుండే మనిషి మంచం ఎత్తుకపోతారా?"

పోయినాయన మంచం పెరట్లో వేపచెట్టు కింద ఆరబెట్టారట. వసారాలోది అత్త తిరుపాలమ్మది. ఆమె ఊరికి పోతోంది, మంచం మీద పడుకునేవాళ్లు లేరు కదా అని ఊడ్చుకోవడానికి నిలబెట్టి పోయారు.

ఇద్దరం ఆళ్లగడ్డ వెళ్లాం. తిరుపాలమ్మ చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, మోకాళ్లు బండల్లా వాచిపోయాయి. పైకి లేవాలంటే కొడుకూ కోడలూ చెరో రెక్కా పట్టాలి. మొగుడి మంచం ఎక్కమంటే ఎక్కదు. కొత్తది కొంటామంటే వద్దంది.

"నలభై ఏండ్లు పండుకున్యా దాని మీద. మొగుడూ పాయె, మంచమూ పాయె. నన్ను కూడా ఎత్తుకపోవల్సింది గదప్పా" అంది అబ్రహామన్నతో.

"తెచ్చిస్తా అవ్వా, ఈ పూటే తెచ్చిస్తా" అన్నాడు ఆయన. చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా జేబు సర్దుకున్నాడు.

పెరట్లోని మద్దయ్య మంచాన్ని ట్రాలీలో ఎక్కించుకుని గూడెం దారి పట్టాం. ఇది అక్కడ దించి అది తెచ్చేస్తే సరి, ఇందులో ఆలోచించడానికేముందని నా ఉద్దేశం. ఊరు దాటాక అబ్రహామన్న బండి పక్కకు ఆపేశాడు.

"పసిబిడ్డ పాపా" అన్నాడు.

"అయితే ఏమన్నా?"

"ఎనిమిది దినాల బిడ్డను దీని మీద పండబెట్టల్లంటే నాకు చేతులు రావడం ల్యా."

నాకు ఒళ్లు మండింది. "మనకు పట్టింపుల్లేవంటివే?"

"అదే నాకూ అర్థం కాల్యా. ఉండాయేమో మరి. నాకుండి, ఇన్నేండ్లు ఊరందరికీ ఇవే ఇచ్చినానా? నా మనవరాలికైతే ఇస్తానా? తెలీకుండా ఇచ్చింది ఒక్కటే మంచి మంచం. దాన్నే గుంజుకోను పోతాండా."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడ కోపం ఎవరికీ లేదు, ఇద్దరు ఆడవాళ్ల నడుములు మాత్రం ఉన్నాయి. వెనక్కి పోదామా అన్నాడు. చాప మీది ముసలామె గుర్తొచ్చి కాదన్నాడు. తన ఇంట్లోని మంచం బాలింతకు ఇస్తానన్నాడు. అది కూడా ఆయన అత్త పోయిన మంచమేనని నేను గుర్తుచేశాను. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరికి బండి తీశాడు గానీ, ఏం చేయబోతున్నాడో ఆయనకే తెలియదు.

గూడెంలో భ్రమరాంబిక మంచం మీద బిడ్డకు పాలిస్తోంది. మమ్మల్ని చూడగానే తలగడ కింద నుంచి ఒక గుడ్డసంచి తీసింది. అందులో వక్కలు, సున్నం డబ్బీ, వాడిపోయిన తమలపాకులు.

"నవారు సందున దొరికింది అన్నా. అప్పట్నుంచి నాకు నిద్ర ల్యా. ఎవురో బతికుండేవాళ్లది తెచ్చినావని ఈయప్పకు చెప్తానే ఉండా" అంది, గుమ్మంలో నిలబడ్డ ఈశ్వర్‌ను చూపిస్తూ.

"ఔను తల్లీ, పొరపాటైంది" అని అబ్రహామన్న మొదలుపెట్టాడు. తిరుపాలమ్మ మోకాళ్ల సంగతి చెప్పాడు. బండిలో ఉన్న మంచం దగ్గరికొచ్చేసరికి మాట ఆగింది. పన్నెండేళ్లలో మొదటిసారి ఆ ముక్క బయటికి వచ్చింది. "అది... పోయినాయన పండుకున్యది."

ఈశ్వర్ ఆశ్చర్యపోలేదు. "మాకు తెలీదా అన్నా? బాగుండే మంచం బతికుండి ఎవురిస్తారు? మా చిన్నాయనకు మీరిచ్చిందీ అట్లాంటిదే అని అందరికీ తెలుసు. చెప్పేదానికి నువ్వు సిగ్గుపడతాండావని మేమే అడగం."

అబ్రహామన్న నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఎవరికీ తెలియకూడదని ఇన్నాళ్లూ మేం దాచింది అందరికీ తెలుసు, ఆ సంగతి మాకే తెలియదు.

ఈశ్వర్ బండిలోని మంచం దించి ఇంట్లో వేశాడు. భ్రమరాంబిక బిడ్డను ఎత్తుకుని, అబ్రహామన్న చెయ్యి పట్టుకుని మెల్లగా లేచింది.

"పోయినాయన పేరేంది అన్నా?"

"మద్దయ్య."

"ఎన్నేండ్లు?"

"ఎనభై ఆరు."

"ఎనభై ఆరా!" ఆమె మొగుడి వైపు చూసి నవ్వింది. "విన్యావా? ఎనభై ఆరంట." బిడ్డను తీసుకెళ్లి ఆ మంచం నడిమధ్య పడుకోబెట్టింది.

ఆ సాయంత్రమే తిరుపాలమ్మ తన మంచం ఎక్కింది. సంచి చేతికివ్వగానే ముందు వక్క నోట్లో వేసుకుని, తర్వాత మమ్మల్ని తిట్టింది.

అప్పటి నుంచి అబ్రహామన్న మంచం ఇచ్చేవాళ్లను పోయినవాళ్ల పేరు, వయసు అడుగుతున్నాడు. తీసుకునేవాళ్లకు చెప్పి దించుతున్నాడు. డెబ్బై అయిదు, ఎనభై అని చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఎంత హుషారో. పోయిన వారం ఇక్కడే నంద్యాలలో ఒక ఇంటి నుంచి మంచం వచ్చింది. పేరు అక్షయ, వయసు ఇరవై రెండు. ఇంకా రంగు కూడా పోని టేకు మంచం.

పాములపాడులో ఒక కుటుంబానికి మంచం కావాలి. వాళ్లకూ ఆ వయసు ఆడపిల్లే ఉంది. అబ్రహామన్న ఉలి పక్కన పెట్టి ఆ మంచం ముందు కూర్చుంటున్నాడు.

"అబద్ధం చెప్పలేను, నిజం చెప్పలేను. ఏం చేయల్ల పాపా?" అని అడిగాడు.

 ఫోన్లు ఎత్తేది నేను. పాములపాడు వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు.